కాలినవాళ్ళ వార్డు తొక్కల బాబాయ్

మొన్న మా ఎదురింటావిడ చేతి మీద నూనె చిందితే నేనే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడి కుర్ర డాక్టరు ఒక పొట్లం చింపి, అందులోంచి తడితడిగా ఉన్న పల్చటి పట్టీ తీసి గాయం మీద పరిచాడు. దాన్ని ఏదో జంతువు చర్మం నుంచి తీసిన పదార్థంతో చేస్తారట. కొన్ని చోట్ల కాన్పుల్లో వచ్చే ఉమ్మనీటి పొరని శుభ్రం చేసి వాడతారనీ, కొన్ని చోట్ల చేప తోలు కూడా కప్పుతారనీ, ఏది కప్పినా గాయాన్ని ఎండిపోనివ్వకుండా కాపాడడమే అసలు కిటుకనీ చెప్పుకొచ్చాడు. ఎదురింటావిడ నొప్పి మర్చిపోయి నోరు వెళ్ళబెట్టి వింది. నేను ఉండబట్టలేక "బంగాళాదుంప తొక్క గురించి తెలుసా బాబూ నీకు?" అని అడిగాను. అతను నవ్వబోయి, నా మెడకేసి చూసి, ఆగిపోయాడు.

"చదివానండీ. వెనకటి రోజుల్లో కొన్ని ఆస్పత్రుల్లో వాడేవాళ్ళట" అన్నాడు.

వాడేవాళ్ళటేమిటి, నా ఒంటి మీదే వాడారు. పుస్తకాలకెక్కిందంటే సంతోషమే. కానీ ఆ పుస్తకంలో మా తొక్కల బాబాయ్ ఉండడని నాకు తెలుసు. ఆయన గురించి ఎవరూ రాయరు, ఎవరూ చెప్పరు. చెప్పగలిగినవాళ్ళలో సగం మంది పోయారు, మిగతా సగానికి మతిమరుపు. అందుకే నేను మొదలుపెట్టాను.

ముందుగా ఒక మాట. ఇది చదివి ఎవరైనా కాలిన చోట వంటింటి తొక్కలు అంటించుకున్నారని నా చెవిన పడిందా, ఇంటికొచ్చి మరీ తిడతాను. ఆ తొక్కలు డాక్టరు చెప్పినట్టు ఒలిచి, డాక్టరు చెప్పినట్టు ఆవిరి పట్టి, డాక్టరు చూస్తూండగా కట్టినవి. చెత్తబుట్టలోవి కావు.

సరే, మనిషి సంగతి చెప్తాను. ఆయన ఆస్పత్రి వంటాయన. పొట్టి మనిషి, బోర్లించిన మూకుడులాంటి పొట్ట, భుజాన ఎప్పుడూ ఒక తువ్వాలు. దాంతోనే చెమట తుడుచుకునేవాడు, దాంతోనే వేడి గిన్నెలు దించేవాడు, దాంతోనే ఈగల్ని తోలేవాడు. మాట చాలా తక్కువ. అడిగినదానికి 'ఊఁ' అనేవాడు, అడగనిదానికి అది కూడా లేదు. వంట ఎలా ఉండేదని అడిగితే అబద్ధం ఆడను, ఏదో ఉండేది. ఆస్పత్రి కూడు ఎక్కడైనా ఆస్పత్రి కూడే. అయితే ఆయనకో అలవాటుంది. వడ్డించేసి చేతులు దులుపుకుని పోయేవాడు కాదు. వార్డు గుమ్మంలో నిలబడి తినేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసేవాడు. ఎవరైనా మొహం చిట్లిస్తే ఆ పూటంతా ఆయన మొహం మాడిపోయి ఉండేది.

ఈ తొక్కల గొడవ నేను ఆ ఆస్పత్రిలో చేరకముందే మొదలైంది. కాలినవాళ్ళ వార్డు పెద్ద డాక్టరమ్మ ఎక్కడో డాక్టర్ల సభకు వెళ్ళొచ్చి, చెప్పులైనా విప్పకుండా తిన్నగా వంటింట్లోకి నడిచి వచ్చిందట.

"మీరు దుంపల తొక్కలు ఏం చేస్తారు?" అని అడిగిందట.

"పారేస్తామండీ" అన్నారు వంటవాళ్ళు.

"ఇకమీదట పారేయకండి. నాకు కావాలి."

డాక్టరమ్మ ఇంట్లో గేదెల్ని గానీ పెంచుతోందేమో అనుకున్నారట అందరూ. పుళ్ళ మీద కప్పడానికని తెలిశాక ఒక్కొక్కరూ జారుకున్నారు. ఒకడు నడుం నొప్పన్నాడు, ఒకడు ఆ వార్డు వాసన పడదన్నాడు. మా బాబాయ్ మాత్రం 'ఊఁ' అన్నాడు. ఆ ఒక్క ఊఁతో ఆయన బతుకు తొక్కల పాలైంది.

ఎలా చేయాలో డాక్టరమ్మే పక్కన నిలబడి నేర్పింది. దుంపలు శుభ్రంగా కడిగి, తొక్కతోనే ఉడకబెట్టాలి. మరీ మెత్తబడకముందే దించాలి. కత్తి మొనతో సన్నగా ఒక గీత పెట్టి, చినగకుండా పెద్ద పెద్ద ముక్కలుగా తొక్క లాగాలి. పొడవాటి గాజుగుడ్డ పరిచి, దాని మీద తొక్కల్ని లోపలి తడివైపు పైకి వచ్చేట్టు, ఇంటి కప్పుకి పెంకులు పరిచినట్టు వరసగా పేర్చాలి. ఆ గుడ్డని చుట్టచుట్టి డబ్బాలో పెట్టి ఆవిరి పట్టాలి. ఈ పనికి ఆయన దగ్గర వేరే కత్తి, వేరే బల్ల, వేరే తెల్ల తువ్వాలు ఉండేవి. వాటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే మాటలురాని ఆ మనిషికి ఎక్కడలేని మాటలూ వచ్చేవి.

ఎందుకింత తతంగం అంటారా? వట్టి గాజుగుడ్డ కడితే అది ఎండిపోయి పుండుకి కరుచుకుపోతుంది. మర్నాడు విప్పేటప్పుడు అప్పుడప్పుడే పుడుతున్న లేత చర్మాన్ని కూడా ఊడబెరుక్కుని వస్తుంది. తొక్క అలా కాదు. లోపలి తడిని ఆరనివ్వదు, పుండుకి అంటుకోదు. కింద చర్మం తన పని తాను చేసుకుపోతూంటుంది. విప్పే రోజున తామరాకు మీంచి నీళ్ళు జారినట్టు జారి వచ్చేస్తుంది.

ఇక అసలు తమాషా ఏమిటంటే, తొక్కలు వార్డుకి పోగా ఒలిచిన దుంపలు కొండలా మిగిలేవి. వాటినేం చేయాలి? తినాలి. పొద్దున దుంపలు, మధ్యాహ్నం దుంపలు, రాత్రికి మళ్ళీ అవే దుంపలు వేషం మార్చుకుని వచ్చేవి. కూర అయ్యేవి, వేపుడయ్యేవి, మెత్తగా మెదిపితే ముద్దయ్యేవి, నీళ్ళు పోస్తే చారయ్యేవి. కాన్పుల వార్డులో బాలింతలకీ అవే, కళ్ళ వార్డులో ముసలాళ్ళకీ అవే. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ దుంపలు తిని తిని గేటుకి సరిపడా వెడల్పయ్యాడు. డాక్టరమ్మ కూడా అవే తినేది. "నేనే తెచ్చిపెట్టుకున్నాను, ఎవరిని అనగలను" అని తనలో తాను గొణుక్కునేదట. బాబాయ్ భార్య అయితే ఇంట్లో బంగాళాదుంప అనే మాట వినపడకూడదని ఖరాఖండిగా చెప్పేసింది. "ఆస్పత్రిలో వాటితో కాపురం చేసి వస్తున్నావుగా, ఇక్కడికి సవతిని తీసుకురాకు" అన్న మనిషి ఆవిడ. ఆ మాట ఆవిడే నాకు చెప్పి పకపకా నవ్వింది.

ఇప్పుడు నా సంగతి. మా ఆయనా నేనూ ఇంటి వెనక రేకుల షెడ్డులో కొవ్వొత్తులు పోసేవాళ్ళం. మైనం కరిగించడం, పోయడం నా పని. అచ్చుల్లో ఒత్తులు నిలబెట్టడం ఆయన పని. ఆ రోజు ఒత్తులన్నీ తాగినవాడు పెట్టినట్టు వంకరగా ఉన్నాయని ఆయన్ని దులిపేస్తూ మైనం గిన్నె దించబోయాను. పట్టకారు జారింది. అంతే, మరుగుతున్న మైనం గడ్డం కింద, మెడ మీద, రొమ్ము మీద, ఎడం చేతి మీద పడింది. కళ్ళు దక్కాయి. ముక్కు దక్కింది. దడిసిపోయి అరుద్దామంటే అరుపు గొంతులోనే ఉండిపోయింది.

అప్పటిదాకా నా గొంతంటే మా వీధికి గడియారం. పొద్దున్నే నా కేక వినబడితే పాలు కాచుకునే వేళయిందని లేచేవాళ్ళు. చెత్తబండి వాడితో, నీళ్ళ దగ్గర వరస తప్పినవాళ్ళతో, మా ఆయనతో, మా ఆయన తరఫు వాళ్ళతో నాకు రోజూ పనే. అలాంటి నేను ఆస్పత్రి మంచం మీద నోరు తెరవలేకపోయాను. మెడ చుట్టూ గాజుగుడ్డ ఎండి అట్టకట్టుకుపోయింది. దవడ కదిపితే చాలు, కింద పుండు పగిలినట్టు మంట. మంచినీళ్ళు కావాలన్నా పెదవులు కదలకుండా గాలితోనే చెప్పేదాన్ని. పట్టీ మార్చే వేళ దగ్గరపడుతూంటే వార్డంతా నిశ్శబ్దమైపోయేది. బండి చక్రాల చప్పుడు వినపడగానే ఆ చివరి మంచం ఆవిడ ఇంకా ముట్టుకోకముందే ఏడుపు మొదలుపెట్టేది. నీళ్ళు పోసి ఎంత నానబెట్టినా ఆ గుడ్డ ప్రాణం తీసే వచ్చేది.

సరే, ఒంటి బాధ ఒంటి బాధ. దానికి మించిన బాధ ఇంకోటి వచ్చిపడింది.

నాకో కూతురు. అప్పటికి దానికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. నేను ఆస్పత్రిలో పడ్డాక దాన్ని మా అమ్మ తన దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ మా అమ్మా, పెళ్ళికాని మా చెల్లెలూ ఉండేవాళ్ళు. కాస్త తేరుకున్నానని తెలిసి మా అమ్మ దాన్ని మొదటిసారి చూడడానికి తీసుకొచ్చింది. గడ్డం నుంచి నడుం దాకా తెల్లటి గుడ్డలు, వాచిపోయిన మొహం, మందుల కంపు. అది గుమ్మం దాకా వచ్చి మా అమ్మ చీర వెనక్కి నక్కింది.

నేను శక్తంతా కూడదీసుకుని, దవడ కదలకుండా, "రా తల్లీ, బంగారూ, అమ్మ దగ్గరికి రా" అన్నాను. జన్మలో దాన్ని బంగారూ అని పిలిచిన పాపాన పోలేదు నేను. ఆ గుసగుస వినగానే అది బిక్కమొహం వేసి చుట్టూ వెతికింది.

"అమ్మమ్మా, మా అమ్మేదీ?" అంది.

"అదిగో, అదే అమ్మ."

"కాదు. మా అమ్మ కాదు" అని వార్డు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది.

తర్వాత రెండోసారి వచ్చినప్పుడూ అంతే. మూడోసారి ఆస్పత్రి గేటు దగ్గరే కాళ్ళు తన్నుకుందట. ఆ రోజు మా అమ్మ ఒక్కతే లోపలికి వచ్చింది. మంచం పట్టె మీద కూర్చుని, నా వైపు చూడకుండా, దుప్పటి అంచు సవరిస్తూ చెప్పింది.

"చెల్లిని అమ్మా అంటోందే. మేం ఎవరం నేర్పలేదు. అదే అనేసింది."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. కాలినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఏడుపు కూడా గొంతులోంచి రాకపోతే ఎంత నరకమో తెలుసా? కన్నీళ్ళు కారి మెడ గుడ్డ కిందికి పోతూంటే మంట. బతికి బట్టకట్టి ఇంటికి పోతాను, సరే, అక్కడ నన్ను పిన్నీ అని పిలిస్తే ఏం చేయాలి? రోజూ అదే ఆలోచన. చర్మం వస్తే వస్తుంది, రాకపోతే లేదు, నా పిల్ల నాకు దక్కుతుందా లేదా అన్నదే నాకు కావాల్సింది.

ఆ రోజుల్లోనే డాక్టరమ్మ నాకు తొక్కల పట్టీ వేయించింది. అప్పటిదాకా ఎక్కువ కాలినవాళ్ళకి సరిపెట్టేసరికి నాదాకా వచ్చేవి కావు. నేను చేతులు అడ్డం పెట్టాను. దుంప తొక్కలా, నేనేమన్నా పశువునా అని కళ్ళతోనే అడిగాను. సిస్టర్ వినలేదు. చల్లగా, మెత్తగా, కాస్త మట్టివాసన వేస్తూ ఆ తొక్కలు మెడ చుట్టూ వచ్చి కూర్చున్నాయి. కాసేపటికి మంట ఎటుపోయిందో పోయింది. మర్నాడు విప్పుతూంటే పళ్ళు బిగపట్టి సిద్ధంగా ఉన్నాను. "అయిపోయింది" అంది సిస్టర్. అయిపోవడమేమిటి, ఇంకా మొదలే కాలేదుగా అనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే పట్టీ పళ్ళెంలో ఉంది.

గుమ్మంలో ఒక పొట్టి మనిషి నిలబడి నా మొహం చూస్తున్నాడు. తొక్కల డబ్బా వార్డుకి తనే మోసుకొచ్చి, కట్టడం అయ్యేదాకా ఆ గుమ్మంలోనే ఉండడం ఆయన పద్ధతి. అన్నం పెట్టి చూసినట్టే తొక్కలు పెట్టి కూడా మొహాలు చూసేవాడు. నేను తల ఊపాను. ఆయన 'ఊఁ' అని వెళ్ళిపోయాడు.

అలా పరిచయమయ్యాడు తొక్కల బాబాయ్. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది నొప్పి కాదు, ఆ వాసన. పొద్దున్నే వంటింటి కిటికీలోంచి ఉడికిన దుంపల ఆవిరి పైకి వచ్చేది. చివరి మంచం ఆవిడ "వస్తున్నాయమ్మా మన చీరలు" అనేది. కాస్త లేచి తిరగగలిగినవాళ్ళం కిటికీ దగ్గర చేరేవాళ్ళం. కింద వసారాలో ముక్కాలి పీట మీద కూర్చుని ఆయన తొక్కలు ఒలుస్తూండేవాడు. వేళ్ళు కాలుతూంటే చెవి తమ్మె పట్టుకుని మళ్ళీ ఒలిచేవాడు. తొక్క చినగకుండా పెద్ద ముక్క వస్తే దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి మురిసిపోయేవాడు. "ఆ పెద్దది నాకే" అని కిటికీలోంచి ఒకరు, "నీకెందుకు, నా వీపంతా ఉంది, నాకు" అని ఇంకొకరు గొడవపడేవాళ్ళు. చీరల కొట్లో బేరంలా ఉండేది. కాలినవాళ్ళం, జుట్టు లేనివాళ్ళం, కనుబొమలు లేనివాళ్ళం, ఎంత నవ్వుకున్నామో. అంత నవ్వు మళ్ళీ ఎక్కడా నవ్వలేదు నేను. ఆ మనుషులందరూ ఏమయ్యారో.

తర్వాతి రోజుల్లో పొట్లాల పట్టీలు వచ్చాయి. డాక్టరమ్మ ఉద్యోగం నుంచి దిగిపోయాక తొక్కల బల్ల తీసేశారు. ఆయన పెద్దగా ఏమీ అనలేదట. ఆ తెల్ల తువ్వాలు ఉతికి, మడిచి, ఇంటికి తీసుకెళ్ళాడు. నేను అప్పుడప్పుడు కొవ్వొత్తుల కట్ట పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. రెండు గదుల ఇల్లు. ఆయన గుమ్మంలో కూర్చుని దారినపోయేవాళ్ళ మొహాలు చూస్తూ ఉండేవాడు. "ఎలా ఉన్నావ్ బాబాయ్" అంటే 'ఊఁ' అనేవాడు. "మెడ ఎలా ఉంది" అని తిరిగి అడిగేవాడు, ఏళ్ళు గడిచినా అదే ప్రశ్న. నేను పైట తొలగించి చూపిస్తే ముందుకి వంగి పరీక్షగా చూసేవాడు, తను ఒలిచిన తొక్క చినిగిందో లేదో చూసినట్టు. చివరికి నిద్రలోనే పోయాడు. ఎవరినీ ఏమీ అడక్కుండా బతికిన మనిషి, అలాగే వెళ్ళిపోయాడు.

అన్నేళ్ళు తొక్కలు ఒలిచిన ఆ మనిషి ఒకే ఒక్క రోజు పని చెడగొట్టాడు. నేను ఆయనకి జన్మంతా రుణపడింది ఆ రోజుకే.

అప్పటికి నా మెడ మీద లేత చర్మం అక్కడక్కడా వచ్చింది, ఇంకా సగం పచ్చిగానే ఉంది. తొక్కల పుణ్యమా అని దవడ కదులుతోంది. అయినా మాట పెద్దగా రాలేదు. భయం. ఎక్కడ పగులుతుందోనని పెదవుల చివరే మాట్లాడేదాన్ని. ఆ రోజు మా అమ్మ పొద్దుటి బస్సుకే పిల్లని తీసుకుని వచ్చేసింది. పైకి రమ్మంటే పిల్ల ససేమిరా అంది. మెట్ల దగ్గరే చతికిలబడింది. చేసేది లేక మా అమ్మ దాన్ని కింద వంటింటి వసారాలో బాబాయ్ దగ్గర కూర్చోబెట్టి, "కాస్త చూస్తూండు అన్నయ్యా, దాని అమ్మని పలకరించి వస్తాను" అని తనొక్కతే పైకి వచ్చింది.

అక్కడేం జరిగిందో ఆ తర్వాత బాబాయే చెప్పాడు. అన్ని మాటలు ఆయన నోటినుంచి ఒక్కసారిగా రావడం నేను చూసింది అప్పుడే.

ఆయన దగ్గర ఎప్పుడూ రెండు గిన్నెలు ఉండేవి. ఒకటి ఒలిచిన దుంపల కూరకి, ఇంకోటి తొక్క తీయాల్సిన వార్డు దుంపలకి. వార్డు గిన్నెలో నీళ్ళు తప్ప ఇంకేమీ పడకూడదు. మా పిల్ల ఆ గిన్నె ఎదురుగా గొంతుక్కూర్చుని, నడుం మీద చేతులు పెట్టుకుని, గిన్నెలోకి తొంగి చూసిందట.

"తాతా, ఉప్పేశావా?"

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి వండుతున్న చెయ్యి అది. ఉప్పేశావా అని ఎవరైనా అడిగితే నోరు జవాబు చెప్పేలోపే చెయ్యి డబ్బాలోకి వెళ్తుంది. పైగా అడిగింది మామూలుగా కాదు, అచ్చం అత్తగారు అడిగినట్టు అడిగిందట.

"ఇదిగో వేస్తున్నానమ్మా" అని గుప్పెడు ఉప్పు తీసి వార్డు గిన్నెలో వేసేశాడు. వేసినట్టు ఆయనకే తెలియదు. దుంపలు ఉడికాయి, తొక్కలు ఒలిచాడు, పేర్చాడు, ఆవిరి పట్టాడు, చల్లార్చాడు. పిల్లని పొయ్యి దగ్గర వదలడం ఇష్టంలేక, ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో దాని చెయ్యి పట్టుకుని పైకి తెచ్చాడు. పట్టీలు కట్టేటప్పుడు చుట్టాల్ని లోపల ఉండనివ్వరు కాబట్టి మా అమ్మ బయట బల్ల మీదే ఉంది. పిల్లని ఆవిడ పక్కన కూర్చోబెట్టి, ఆయన ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ రోజు మొదటి వంతు నాదే. సిస్టర్ నా మంచం చుట్టూ తెర లాగింది. పాత పట్టీ తీసింది, హాయిగా వచ్చేసింది. కొత్త పట్టీ విప్పి నా మెడ చుట్టూ పరిచింది.

అమ్మో, ఏం చెప్పను. నిప్పుల్లో మెడ పెట్టినట్టయింది. పచ్చి పుండు మీద ఉప్పు సామీ, ఉప్పు. కళ్ళు బైర్లు కమ్మాయి. దవడ పగులుతుందనీ, చర్మం ఊడుతుందనీ ఏ భయమూ గుర్తురాలేదు. అన్ని వారాలుగా లోపల కూరుకుపోయి ఉన్న గొంతు ఒక్కసారిగా కట్ట తెగినట్టు బయటికి వచ్చింది.

"ఏం బాబాయ్, మతి ఉందా పోయిందా నీకు? ఉప్పేసి తగలేశావు కదయ్యా! నేనేమన్నా నీ కూరలో ముక్కనా? ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేయడం చేతకాకపోతే చెప్పు, నేనే వచ్చి ఒలుచుకుంటాను. చూస్తావేం సిస్టర్, తియ్యి, నీళ్ళు పొయ్యి! అందరూ అందరే, ఒక్కరికీ బుర్ర పనిచేయదు ఈ ఆస్పత్రిలో! దుంపలు తిని తిని దుంపలైపోయారు!"

సిస్టర్ గబగబా పట్టీ లాగేసి నీళ్ళు పోస్తోంది. పోస్తూనే నవ్వు ఆపుకోలేక వణుకుతోంది. తెర సందులోంచి బాబాయ్ కనిపిస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నేను ఇంకో దండకం ఎత్తుకున్నాను. అప్పుడు వినపడింది, బయట బల్ల దగ్గర నుంచి.

"అమ్మమ్మా! అమ్మ తిడుతోంది! అమ్మమ్మా, మా అమ్మ తిడుతోంది!"

చిన్న కాళ్ళ చప్పుడు. ఎవరో ఆగమన్నారు, ఎవరో పట్టుకోబోయారు. తెర కింది నుంచి దూరి మా పిల్ల నా మంచం ముందు నిలబడింది. రొప్పుతోంది. మొహం వెలిగిపోతోంది.

నన్ను చూసింది. గడ్డం కింద ఎర్రగా, తెల్లగా, అతుకులు అతుకులుగా ఉన్న మెడని చూసింది. నా నోరు పడిపోయింది. నేను అలా మూగగా చూసేసరికి దాని మొహంలో వెలుగు మెల్లగా తగ్గింది. ఒక అడుగు వెనక్కి వేసింది. తెర అంచు పట్టుకుంది. అయిపోయింది, మళ్ళీ పోతుంది అనుకున్నాను.

అది పోలేదు. అక్కడే నిలబడి, నా కళ్ళలోకి అనుమానంగా చూసి, చిన్న గొంతుతో అడిగింది.

"నన్ను కూడా తిట్టు."

కుడి మోచేతి మీద కాస్త లేచాను.

"ఏమే," అన్నాను, "ఆ జుట్టేమిటే, కాకిగూడులాగా? జడ వేయించుకోవడానికి ఒళ్ళు బరువా నీకు? ఆ గౌనుకి మురికేమిటి? మోకాలు ఎక్కడ కొట్టుకున్నావ్? కళ్ళు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నావా?"

అది మంచం పట్టె మీద కాలు వేసింది. ఎక్కలేకపోతే బాబాయ్ వచ్చి వెనక నుంచి ఎత్తి నా కుడివైపు, కాలని వైపు పడుకోబెట్టాడు. నా చెయ్యి తీసి తన మీద వేసుకుంది.

"ఉప్పు నేనే వేయమన్నాను" అంది గొప్పగా.

"నువ్వా? నువ్వేనా? ఆ తెలివి అన్నం తినేటప్పుడు ఏమైందే నీకు? రానీ, ఇంటికి రానీ, నీ సంగతి చెప్తాను. పిన్ని దగ్గర గారాలు మరిగావా? అన్నీ కట్. ఒక్కొక్కటే కట్."

అది కళ్ళు మూసుకుని హాయిగా వింటోంది. సిస్టర్ నీళ్ళు పోయడం ఆపేసి తెర అవతలికి వెళ్ళిపోయింది. మా అమ్మ గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మెడ ఇంకా మండుతూనే ఉంది. దాని ఊపిరి బరువెక్కి, నా చెయ్యి కింద నిద్రపోయేదాకా, ఏడుస్తూనే, ఒక్క క్షణం ఆపకుండా తిట్టాను.